అత్తగారి కారుకి గాలిపైపు

చిన్నల్లుడికి అంత తొందరగా కోపం రాదు. కుళాయిలూ పైపులూ బిగించే పని అతనిది. సింకు పొంగినా, నడినెత్తిన ట్యాంకు కారినా చిద్విలాసంగా పానా తీస్తాడు. కానీ ఎత్తురోడ్డు మీద వెనకనుంచి "పీ పీ" అని హారన్ వినిపిస్తే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ హారన్ పెద్దల్లుడిది. తోడల్లుడంటే మాటలా మరి!

పెద్దల్లుడు ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే బ్రోకరు. కారు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. పొద్దున పనికి పోవాలంటే ఇద్దరూ ఆ ఎత్తురోడ్డే ఎక్కాలి. చిన్నల్లుడి బుల్లి కారు సగం దారిలో రొప్పుతూ ఉండగా పెద్దల్లుడు పక్కకొచ్చి, అద్దం దించి, "ఏం తమ్ముడూ, నేర్చుకోవడం ఇంకా అవలేదా?" అనేవాడు. ఆ మీదట రెండు హారన్లు కొట్టి చక్కా పోయేవాడు.

ఆ ఎత్తిపొడుపు ఊరికే పుట్టలేదు. ఆ బుల్లి కారు వాళ్ళ అత్తగారి డ్రైవింగ్ స్కూలు కారు. ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగానికి సగం ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే, చిన్నల్లుడితో సహా. ఊరంతా ఆవిణ్ణి మేడం అంటారు. తలుపుల మీద స్కూలు పేరు గీకేసినా, ఎండకి వెలిసిన రంగులో అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పక్క సీటు ముందర, నేర్పేవాళ్ళు తొక్కే రెండో బ్రేకు కూడా అలాగే ఉంది. దాన్ని కుయ్యిమనిపించి ఆవిడ ఎంతమంది గుండెలు గుభేల్మనిపించిందో లెక్కే లేదు.

మోకాళ్ళు మొరాయించేసరికి మేడం స్కూలు మూసేసింది. మోకాళ్ళ ఆపరేషన్‌కి తమ్ముడిగారి ఊరు వెళ్తూ, కారు తాళాలు చిన్నల్లుడి చేతిలో పెట్టింది.

"నేను కోలుకుని వచ్చేదాకా నీ దగ్గరుంచుకో. వచ్చాక పక్కన కూర్చుని చూస్తా. నేనిచ్చినట్టే ఉంటే బండి నీదే. నా ఇంజన్లో ఒక్క మర అటూ ఇటూ అయిందా, పెద్దవాడికిచ్చేస్తా. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు."

చిన్నల్లుడికి ఆ కారు అంటే సామాన్యమైన సంగతి కాదు. అంతకు ముందు అతని సంసారమంతా స్కూటరు మీదే నడిచింది. నిలువెత్తు పైపులు భుజాన పట్టుకుని పెళ్ళాం వెనక కూర్చునేది. మలుపు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తల వంచుకుని తిట్టేవారు. వాన పడితే ఇద్దరూ తడిసేవారు. కారొచ్చాకే అతను పొడిబట్టలతో పనికి పోవడం మొదలుపెట్టాడు. అది పోతే మళ్ళీ స్కూటరే గతి.

అంత తెలిసీ ఆ పని చేశాడు. చేయించింది ఆ రెండు హారన్లు.

ఒకరోజు ఎత్తురోడ్డు సగంలో పెద్దల్లుడు మామూలు మాట అనకుండా, "దిగి తొయ్యమంటావా తమ్ముడూ?" అన్నాడు. ఆ సాయంత్రం చిన్నల్లుడు ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే పెళ్ళాంతో చెప్పాడు.

"ఈ కారుకి ఊపిరి ఆడట్లేదే. గాలిపైపు మార్పిస్తే లేడిపిల్లలా ఎక్కుతుందట."

పెళ్ళాం ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సూది నోట్లో పెట్టుకుని మొగుడి వంక ఎగాదిగా చూసింది. వద్దంటుందనుకున్నాడు. ఆవిడ సూది తీసి, "బావగారి మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉందండీ. అమ్మ వచ్చేలోపు తీసేద్దాం" అంది. అంతే. వద్దనేవాళ్ళు లేని ఇల్లు ఎంత ప్రమాదమో చూశారా?

ఇద్దరూ కలిసి విడిభాగాల దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు గల్లా మీద రెండు పైపులు పెట్టాడు. ఒకటి పొట్టిది, ఇంజను మీదే కూర్చుంటుంది. రెండోది పొడుగుది, బంపరు వెనక్కి దిగి కిందినుంచి చల్లగాలి లాగుతుంది. రెండింటి చివరా ఎర్రటి గరాటులాంటి ఫిల్టరు.

"ఏది పెట్టినా పది గుర్రాల బలం పెరుగుతుంది సార్" అన్నాడు దుకాణదారు.

"ఉన్న గుర్రాలే నిద్రపోతున్నాయి. కొత్తవాటికి నేనెక్కడ చోటు చూపించను?" అన్నాడు చిన్నల్లుడు.

పొట్టిదాన్ని చూసి పెళ్ళాం పెదవి విరిచింది. "ఇది పొయ్యి మీద వంగి ఊపిరి పీల్చినట్టుంటుంది. అంతా వేడిగాలే కదా. పొడుగుదే నయం."

చిన్నల్లుడు పొడుగుదాన్ని చేతిలోకి తీసుకుని దాని నోరు ఎక్కడికొస్తుందో నేల మీద పెట్టి చూశాడు. అతనికి వృత్తిరీత్యా ఒళ్ళు జలదరించింది. "నోరు మురుగుకాలవ ఎత్తులో ఉందే! రోడ్డు మీద నాలుగు చినుకులు నిలిస్తే ఈ పైపు నీళ్ళు తాగుతుంది. ఇంజన్లోకి నీళ్ళు పోతే ఇంకేమైనా ఉందా? నేను పెట్టిన పైపు తాగకూడని నీళ్ళు తాగిందంటే బయట తలెత్తుకు తిరగగలనా?"

పొట్టిదే కొన్నారు. వేడి సంగతి ఎలాగంటే, పనికిరాని గీజరు పైరేకు ఒకటి పెరట్లో పడుంది. దాన్ని కత్తిరించి ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య అడ్డగోడలా నిలబెట్టాడు. లైట్ల వెనకనుంచి ఓ ముక్క గొట్టం లాగి చల్లగాలికి దారి ఇచ్చాడు. చెప్పకూడదు గానీ పని ముచ్చటగా కుదిరింది.

ఇక్కడ చిన్నల్లుడి అలవాటొకటి చెప్పాలి. తెరిచిన పైపు నోరు కనబడితే చాలు, అందులో గుడ్డ కుక్కందే అతని చేతులు ఊరుకోవు. ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో తెరిచి ఉంచిన పైపులో నట్టు పడిపోయి, దాని కోసం గోడంతా బద్దలుకొట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ముందు గుడ్డ, తర్వాతే పని. ఆ రోజూ పాత ఫిల్టరు ఉండే గాలిడబ్బా ఊడదీసి, ఇంజనుకి పోయే రబ్బరు గొట్టం నోట్లో నీలం రంగు గుడ్డపేలిక కుక్కాడు. గుడ్డ పెళ్ళాం ఇచ్చిందే, ఏదో పాతచొక్కా చింపిన ముక్క. పాత ఫిల్టరు విదిలిస్తే దుమ్ము రేగి ఇద్దరూ తుమ్మారు. ఊపిరాడకపోవడంలో వింతేముంది పాపం!

కొత్త పైపు దగ్గరికి తెచ్చి గొట్టం చుట్టూ క్లాంపు బిగించబోతుంటే పెళ్ళాం అడిగింది. "గుడ్డ తీశారా?"

"ఓహో" అని తీశాడు.

కారు స్టార్టు చేసి యాక్సిలరేటర్ తొక్కేసరికి బానెట్ కిందనుంచి "గుర్ర్ర్ర్" అని ఓ గర్జన వచ్చింది. పక్కింటి పిల్లి గోడ దూకింది. బలం పెరిగిందో లేదో గానీ చిన్నల్లుడికి ధైర్యం మాత్రం పెరిగింది. మర్నాడు ఎత్తురోడ్డు మీద పెద్దల్లుడు ఎప్పటిలా పక్కకొచ్చి అద్దం దించాడు. బుల్లి కారు గుర్రుమంది. అతను దించిన అద్దం గబగబా ఎత్తేసుకున్నాడు. దాటిపోయాడనుకోండి. కానీ హారన్ కొట్టడం మర్చిపోయాడు. చిన్నల్లుడు ఆ రోజంతా గాల్లో తేలుతూ, ఎవరింట్లోనో వేడినీళ్ళ కుళాయి చన్నీళ్ళ వైపు బిగించి వచ్చాడు.

ఆ వైభోగం ఎన్నాళ్ళో సాగలేదు. పెద్దల్లుడు ఊరుకునే రకమా? గర్జన విన్నవాడికి కారణం తెలియదూ? ఓ ఆదివారం పొద్దున్నే చిన్నల్లుడి పెళ్ళాం ఫోను మోగింది.

"మరదలా, అత్తయ్యగారిని నేనే కారులో తీసుకొస్తున్నా. మీ ఇంటికే. సందు మొదట్లోకి వచ్చేశాం."

చిన్నల్లుడు మంచం మీదనుంచి ఎగిరి దూకాడు. ఇంకా పదిహేను రోజులకి గానీ రాదనుకున్న మనిషి! పానా పుచ్చుకుని కారున్న పెరట్లోకి పరుగెత్తాడు. పెళ్ళాం కొంగు బిగించి వీధి గుమ్మంలో నిలబడింది.

మేడం చేతికర్ర ఊతంతో దిగింది. దిగుతూనే "బండేదీ?" అంది.

"బండెక్కడికి పోతుందమ్మా? ముందు కూర్చో. కుట్లెలా వేశారో చూడనీ" అని కూతురు తల్లిని కుర్చీలో కూలేసి మోకాలు ముందేసుకుంది. "ఛీ ఛీ, ఇదేం కుట్టమ్మా? ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా! అంచు మడవనే లేదు. నేనైతే దారం కనబడకుండా వేసేదాన్ని. ఏదీ రెండోది?"

"డాక్టరు వేసిన కుట్లకి వంక పెడతావేమే?"

"పెట్టనూ మరి? నా తల్లి కాలు!"

అలా ఆ మోకాలూ ఈ మోకాలూ తనిఖీ చేసి, కాఫీ ఇచ్చి, చక్కెర చాలలేదని మళ్ళీ కలిపి, పెద్దల్లుడి ఎదుట పళ్ళెం పెట్టి, లేవబోతే ఇంకో పళ్ళెం పెట్టింది. పెరట్లో చిన్నల్లుడు చెమటలు కక్కుతూ కొత్త పైపు ఊడదీశాడు, పాత గాలిడబ్బా కూర్చోబెట్టాడు, క్లాంపులు బిగించాడు. ఊడదీసిన పైపుని, రేకుతో సహా, డిక్కీలో తన పైపుల మధ్య దూర్చాడు. పైపుల వాడి దగ్గర పైపు దొరికితే దొంగసొత్తని ఎవడంటాడు? చేతులు కడుక్కుని, మొహం తుడుచుకుని, నవ్వు అతికించుకుని వచ్చాడు. అంతా చేశాడు. ఒక్క మాట అడిగేవాళ్ళే లేకపోయారు. అడిగే మనిషి వీధిగదిలో కుట్లు లెక్కపెడుతోంది కదా!

మేడం పక్క సీట్లో కూర్చుంది. రెండో బ్రేకు మీద అలవాటుగా పాదం పెట్టుకుంది. మోకాలు నొప్పెట్టిందో ఏమో, మొహం చిట్లించి మళ్ళీ సర్దుకుంది. వెనక సీట్లో పెళ్ళాం. ఇంకా వెనక, పెద్ద కారులో, ముసిముసినవ్వులతో పెద్దల్లుడు.

"ఎత్తురోడ్డుకి పోనీ" అంది మేడం.

సమంగా ఉన్న రోడ్డు మీద కారు కిమ్మనకుండా నడిచింది. మేడం తల ఓ పక్కకి వాల్చి వింటూ, "ఊఁ, నా బండే" అంది. చిన్నల్లుడి ప్రాణం లేచొచ్చింది. కాయితాల మీద తన పేరు కనబడింది. తడవని పొడిబట్టలు కనబడ్డాయి.

ఎత్తు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ముందుకి పోవలసింది పోయి వెనక్కి గుటక మింగింది. ఇంకా తొక్కాడు. ఉక్కిరిబిక్కిరై ఓ పెద్ద దగ్గు దగ్గి ఆగిపోయింది. వెనక్కి జారబోతుండగా మేడం రెండో బ్రేకు దబ్బున తొక్కింది. పెళ్ళాం కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టింది. పెద్దల్లుడు తన కారు ఆపి, తీరిగ్గా నడిచొచ్చాడు.

"అయ్యయ్యో, ఏమైంది తమ్ముడూ? తొయ్యనా?"

"బానెట్ తియ్యి" అంది మేడం. అల్లుడన్న మర్యాద ఆవిడ గొంతులోంచి ఎగిరిపోయింది. స్కూలు రోజుల్లో పిల్లల్ని పిలిచే గొంతది. కర్ర పక్కనపెట్టి ఇంజను మీదికి వంగింది. చూపుడువేలితో గాలిడబ్బా క్లాంపు తడిమింది. అది తళతళా మెరుస్తోంది, చుట్టూ దుమ్ము లేదు. "ఇది విప్పు."

చిన్నల్లుడు విప్పాడు. విప్పుతుండగానే గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మేడం రెండు వేళ్ళు గొట్టంలో పెట్టి, నీలం గుడ్డ బయటికి లాగింది. లాగుతూనే ఉంది. చివర బొత్తాం, జేబు, జేబు మీద స్కూలు పేరు.

"ఇది నా స్కూలు చొక్కా కదే!"

కూతురు ఆకాశం వంక చూసింది. చిన్నల్లుడు చేతిలో పానా వంక చూశాడు. అబద్ధం ఒకటి నాలుక దాకా వచ్చింది. గుడ్డ చేతిలో పట్టుకుని అత్తగారు ఎదురుగా ఉంటే ఏ అబద్ధం నిలబడుతుంది?

"తప్పయింది అత్తయ్యా. గాలిపైపు మార్చాను. మీరొచ్చారని మళ్ళీ తీశాను. గుడ్డ మర్చిపోయాను. రోజూ ఈ ఎత్తు మీద... అన్నయ్య హారన్ కొడతాడు."

ఆఖరి మాట చిన్నపిల్లవాడి పితూరీలా వచ్చేసింది. అతనికే సిగ్గేసింది.

పెద్దల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మాటంటే మాటే కదా అత్తయ్యగారూ. మర మారితే బండి నాదన్నారు."

"ఉండు నాయనా, నీ మాట నేనెక్కడికీ పోనివ్వను" అని మేడం చిన్నల్లుడి వైపు తిరిగింది. "ఏదీ ఆ పైపు?"

డిక్కీలోంచి తీశాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, గీజరు రేకు మీద వేలితో టక్కున కొట్టి చూసింది.

"బిగించు."

"ఇక్కడా?"

"నా ముందు. ఈసారి గుడ్డ లేకుండా."

రోడ్డు పక్క ఎండలో, ఇటు తోడల్లుడు, అటు అత్తగారు చూస్తుండగా పని చేయడం పగవాడికి కూడా వద్దు. తెరిచిన గొట్టం నోరు చూడగానే అతని చెయ్యి దానంతటదే గుడ్డ కోసం జేబులోకి పోయింది. మేడం దాని మీద ఒక్కటిచ్చింది. క్లాంపు బిగించి, గాలి కొలిచే సెన్సారు తీగ తగిలించి, స్టార్టు చేశాడు. గుర్రుమంది.

మేడం కదలకుండా వింది. ముక్కు ఎగరేసింది. ఇంకోసారి యాక్సిలరేటర్ తొక్కమని చెయ్యి తిప్పింది. మళ్ళీ గుర్రుమంది. తిడుతుందనుకుని చిన్నల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

"దిగు" అంది మేడం. "ఆ పక్కకి పో."

"అమ్మా! నీ కాళ్ళు!" అని పెళ్ళాం అరిచింది.

"కొత్తవి కొన్నాం కదే, వాడకుండా దాచుకోమంటావా?"

స్టీరింగ్ ముందు కూర్చుని సీటు ముందుకి లాక్కుంది. స్కూలు మూసిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ సీట్లో కూర్చోలేదు. ఇక నా నడపడం అయిపోయిందని అందరికీ చెప్పింది కూడా. అద్దం సర్దుకుంది, సరిగ్గానే ఉన్నదాన్ని మళ్ళీ మళ్ళీ సర్దుకుంది. చిన్నల్లుడు అది చూశాడు. చూసి, తన భయం తాను మర్చిపోయి, కాస్సేపు ఆవిడ కోసమే భయపడ్డాడు.

మేడం తల బయటపెట్టి, "మీరు ముందు నడవండి పెద్దల్లుడుగారూ. పెద్దవారు" అంది.

పెద్దల్లుడు ముందు పోయాడు. మేడం రాయి తీయించి, ఒక్క జానెడు వెనక్కి జారకుండా ఆ ఎత్తులో కారు ముందుకి కదిలించింది. ఆ తర్వాత ఏం జరిగిందంటే, గేరు దించింది, తొక్కింది. గుర్రుమన్న చప్పుడు కాస్తా గర్జనై ఎత్తురోడ్డంతా నిండిపోయింది. చిన్నల్లుడు తనకి తెలియకుండానే రెండో బ్రేకు తొక్కాడు.

"కాలు తియ్యవయ్యా వెధవా!"

తీశాడు. పెద్ద కారు వెనకభాగం దగ్గరికొచ్చింది, పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. నల్లద్దం వెనక తెరుచుకున్న నోరొకటి కనిపించింది. మేడం ఎదురుగానే చూస్తూ, బొటనవేలితో రెండుసార్లు నొక్కింది. పీ పీ.

వెనక సీట్లో పెళ్ళాం చప్పట్లు కొట్టింది. మేడం నవ్వింది. ఆవిడ అలా పళ్ళన్నీ కనబడేలా నవ్వడం అల్లుడిగా చేరాక అతను చూడలేదు. అతనికి కళ్ళు చెమర్చాయి. ఎందుకో అడిగితే దుమ్మనేవాడు.

పైకి చేరాక కారు పక్కకి ఆపింది. "పైపుదేం లేదు నాయనా, చప్పుడెక్కువ. పాత ఫిల్టరు మూసుకుపోయింది, నీకు గేరు దించడం రాదు. ఎన్నిసార్లు చెప్పాను?" అంటూనే ఇంకోసారి యాక్సిలరేటర్ తొక్కి, ఆ చప్పుడు మళ్ళీ విని, తృప్తిగా ఆపింది. ఇంతలో పెద్దల్లుడు ఆయాసపడుతూ వచ్చాడు, ఎక్కొచ్చింది కారే అయినా.

"మరి బండి అత్తయ్యగారూ? నాదే కదా?"

"మర మారితే చిన్నవాడిది కాదన్నాను. కాదు. నీకిస్తానన్నాను. కానీ ఈ బండి కాదు కదా నేనన్నది? నేనన్న బండి రొప్పేది. ఇది వేరే." మేడం తాళాలు తీసి కొంగున ముడేసుకుంది. "ఇది నేనే ఉంచుకుంటున్నా."

అల్లుళ్ళిద్దరూ జీవితంలో మొదటిసారి ఒకేలా మొహాలు పెట్టారు.

అదీ సంగతి. ఇప్పుడు పొద్దున్నే ఎత్తురోడ్డు మీద చూడండి. చిన్నల్లుడు స్కూటరుకి పైపులు కట్టుకుని ఎక్కుతుంటాడు. వాన పడితే తడుస్తాడు. సగం దారిలో వెనకనుంచి గర్జన వస్తుంది. ఎవరో చూడక్కర్లేదు, ఆ గొంతు అతను బిగించిందే. మేడం పక్కకొస్తుంది. పక్క సీట్లో పెళ్ళాం, రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, చెయ్యి ఊపుతుంది.

"అల్లుడుగారూ, ఓ పక్కగా వెళ్ళండి. ఎత్తులో గేరు దించండి."

పీ పీ.

మొన్న అలా పోతుంటే ఆ గర్జన మధ్యలో సన్నగా ఈల వినిపించింది. క్లాంపు వదులైంది, గాలి కారుతోంది. స్కూటరు ఆపి చెవొగ్గి విన్నాడు. నాలుగు రోజులు అలాగే వదిలేస్తే కారు మళ్ళీ రొప్పుతుంది. రొప్పితే ఆవిడ విసుగెత్తి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తుంది. బాగుచేసుకోగలిగేది తనే కాబట్టి తనకే ఇస్తుందని కూడా అతనికి తెలుసు. ఆ రోజు పని చేస్తున్నంతసేపూ ఆ ఆలోచన తలలో తిరుగుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికి పోతూ పోతూ స్కూటరు అత్తగారి ఇంటివైపు తిప్పాడు. బానెట్ ఎత్తి క్లాంపు బిగించాడు. అతనికెదురుగా ఓ పైపు కారుతూ ఉంటే ఎలా ఊరుకుంటాడు చెప్పండి?